కొలతలు తీసి చేసిన బెంచీ

మెడల్ మావయ్య నోరు విప్పాడంటే ఆపే మొనగాడు ఆ వీధిలో లేడు. ఆ సంగతి అతని మేనకోడలికి ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. తెలిసి తెలిసీ ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకి, ఒక చేతిలో దరఖాస్తు, ఇంకో చేతిలో పెన్ను పట్టుకుని, అమ్మ టైలరింగ్ షాపులో అతని ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది. అవసరం తనది మరి.

అది యువ సేవా పురస్కారానికి దరఖాస్తు. ఆసుపత్రి వరండాలో ఇనప కుర్చీల మీద గంటలు గంటలు కూర్చుని, వచ్చిన రోగం కంటే నడుంనొప్పి ఎక్కువై ఇంటికెళ్ళే ముసలివాళ్ళని చూసి, ఆ పిల్ల ఆరు నెలలు కష్టపడి నలభై కుర్చీలకి మెత్తలు కుట్టింది. అన్నీ షాపులో మిగిలిపోయిన గుడ్డముక్కలే. దరఖాస్తులో ఇంక మూడు ఖాళీలున్నాయి. ఇదివరకు ఆ పురస్కారం అందుకున్నవాళ్ళ సంతకం ఒకటి, వాళ్ళ మెడల్ నంబరు ఒకటి, వాళ్ళు చేసిన పనిని ఇప్పటికీ వాడుకుంటున్నవాళ్ళెవరైనా స్వయంగా రాసే ఒక్క వాక్యం ఒకటి. ఈ రోజే ఆఖరు. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. ఊరు మొత్తం మీద ఆ పురస్కారం వచ్చింది మావయ్య ఒక్కడికే, అందుకే కదా ఆ పేరు.

"సంతకం ఎంతసేపే, చిటికెలో పని," అన్నాడు మావయ్య, పెన్ను మాత్రం అందుకోకుండా. "కానీ ఊరికే గీకి పారేస్తే దానికి విలువేముంటుంది? వెనకాల కథ తెలియాలి."

కథ అనగానే పక్క కొట్టులోంచి గడియారాల మెకానిక్ కంటికి పెట్టుకున్న భూతద్దం తీసేసి మరీ వచ్చేశాడు. ఉద్యోగం అయిపోయినా ఆ వీధిని వదలని పాత పోస్ట్‌మాన్ అప్పటికే గుమ్మంలో సెటిలయిపోయి ఉన్నాడు. అమ్మ మాత్రం వీపు ఇటు తిప్పి మిషన్ తొక్కుకుంటోంది. ఆవిడ రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు కొలతలే.

"అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు," మొదలెట్టాడు మావయ్య. "అదిగో, ఆ ఎదురు బస్టాపులో ఒక ముసలమ్మ ఎండలో నిలబడి ఎడమకాలు, కుడికాలు, మళ్ళీ ఎడమకాలు, ఇలా మార్చుకుంటోంది. చూళ్ళేకపోయాను. నాలుగు చెక్కలు తెచ్చి బెంచీ చేశాను. అంతే, పెద్ద గొప్పేం కాదు."

ఇంతవరకూ బాగానే ఉందని మేనకోడలు పెన్ను ముందుకి తోసింది.

"ఆగవే తల్లీ. బెంచీ ఎవడైనా చేస్తాడు. నేను కొలతలు తీసి చేశాను. బస్టాపుకొచ్చే ప్రతి మనిషికీ టేపు పెట్టి, మోకాలి ఎత్తెంత, కూర్చుంటే వెడల్పెంత, అన్నీ రాసుకుని ఎవరి సీటు వాళ్ళకి చేశాను."

అది మాత్రం కాదనడానికి లేదు. షాపు గుమ్మంలోంచి చూస్తే ఆ బెంచీ ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక సీటు పొట్టి ముసలమ్మకి సరిపడా కిందకి, ఒకటి పొడుగాటి వాచ్‌మన్‌కి సరిపడా పైకి, ఒకటి బేకరీ ఆయన పొట్టకీ తొడలకీ సరిపడా వెడల్పుగా. చివరిది మాత్రం ఏకంగా ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. అదెందుకంత పొడుగని ఎవరడిగినా మావయ్య మాట మార్చేసేవాడు. అతను చెప్పని కథ అదొక్కటే.

ఎంతమందికి కొలతలు తీశావని మెకానిక్ అడిగాడు. రెండొందల ఎనభై మందికన్నాడు మావయ్య, రెప్ప వెయ్యకుండా. సీట్లు తొమ్మిదే కదా అన్నాడు పోస్ట్‌మాన్.

"ఇప్పుడు తొమ్మిది. నేను చెప్పేది అప్పటి మాట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బెంచీ ఎంత సుఖంగా ఉందంటే, కూర్చున్నవాడు బస్సొచ్చినా లేవలేదు. బస్సులు ఖాళీగా పోవడం మొదలెట్టాయి. ఇదేంటని కండక్టరు దిగి వచ్చి కూర్చున్నాడు, కండక్టరేడని డ్రైవరు దిగి వచ్చి కూర్చున్నాడు, బస్సులేవని డిపోవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, కాళ్ళు నొప్పులు పుట్టి వాళ్ళూ కూర్చున్నారు. అంతమందికి సీట్లు చెయ్యాలంటే బెంచీ పొడిగించాలా వద్దా? పొడిగించాను. మలుపు తిరిగింది, మార్కెట్ దాటింది, వంతెనెక్కి దిగింది, చివరికి పక్క ఊరు చేరింది."

టైము నాలుగుంపావు. మేనకోడలు మావయ్యా అంది. అతను వినిపించుకోలేదు.

"ఇక ఇక్కడెవరైనా వచ్చి, కాస్త జరగండి బాబూ అన్నారనుకో, ఈ చివర మనిషి జరిగితే వాడి పక్కవాడు జరిగేవాడు, అలా జరిగీ జరిగీ ఆ చివర కూర్చున్నవాడు పక్క ఊళ్ళో దబ్బున దిగేవాడు. టిక్కెట్టు లేకుండా ప్రయాణం! పొద్దున ఇక్కడ కూర్చుంటే సాయంత్రానికి అక్కడ. రిజర్వేషన్లు కూడా పెట్టాల్సి వచ్చింది."

తిరిగి ఎలా వచ్చేవాళ్ళని మెకానిక్ అడిగాడు. దానికి అటువైపు నుంచి జరిగే టైము వేరే ఉండేదట, మధ్యాహ్నం రెండు తర్వాత.

పోస్ట్‌మాన్ నవ్వలేక దగ్గుతున్నాడు. మేనకోడలికి మాత్రం నవ్వు రావడం లేదు. ఎప్పుడు పెన్ను అందించినా మావయ్య చెయ్యి జేబులోకి పోతోంది, ఎప్పుడు గడియారం చూపించినా బెంచీ ఇంకో మైలు పెరుగుతోంది. చిన్నప్పట్నుంచీ ఆ కథలు వింటూనే పెరిగింది. స్కూల్లో మా మావయ్యకి మెడల్ వచ్చిందని చెప్పుకుని మురిసిపోయింది కూడా. ఇప్పుడెందుకో అనుమానం మొదలైంది.

మెడల్ సంగతికొచ్చాడు మావయ్య. అది పళ్ళెమంత ఉందట. నలుగురు పట్టుకుని మెళ్ళో వేస్తే స్టేజీ ఒక పక్కకి ఒరిగిందట. ఆ బరువుకి వంగిన మెడ సరికావడానికి ఏడాది పట్టిందట. మరి ఇప్పుడెక్కడుందంటే, దాని మెరుపుకి వీధిలో ఆరేసిన బట్టలు వెలిసిపోతున్నాయని జనం గోల పెడితే ఎక్కడో దాచాల్సి వచ్చిందట.

"నంబరెంత మావయ్యా?" అంది మేనకోడలు. "నాలుగున్నరయింది. ఆఫీసుకి ఇరవై నిమిషాల నడక. నంబరు చెప్పు, చాలు."

మావయ్య నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏమీ రాకపోవడం ఆ వీధి చూడ్డం అదే మొదటిసారి.

మిషన్ ఆగింది.

"నలభై రెండు," అంది అమ్మ. "రాసుకో. ఆ కటింగ్ బల్ల మీద బరువు ఇలా తే."

ఆ బరువు అందరికీ తెలిసిందే. గుడ్డ కదలకుండా కాగితం నమూనా మీద పెట్టుకునే గుండ్రటి బిళ్ళ, నీలం గుడ్డ చుట్టి కుట్టేసి ఉంటుంది. అమ్మ బ్లేడుతో ఆ కుట్లు విప్పింది. లోపల్నుంచి టీ గ్లాసు మూతి అంత మెడల్ బయటపడింది. మీద నలభై రెండు అని చెక్కి ఉంది.

అమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆ బెంచీ చేసింది తనే. టైలరింగ్ నేర్చుకునే రోజుల్లో చేతిలో టేపు తప్ప ఇంకేం లేదు, అందుకే బెంచీకి కూడా జనం కొలతలే తీసింది. పురస్కారం ఇచ్చే రోజున స్కూలు యూనిఫాంలు నూట ఇరవై అప్పజెప్పాలి, కుదరక అన్నయ్యని పంపింది. దండ అతనికి వేశారు, ఫొటో అతనిది పడింది. తిరిగొచ్చేసరికి వీధి వీధంతా అతన్ని మెడల్ అని పిలవడం మొదలెట్టింది. "నాకు చెప్పుకునే ఓపిక లేదు, అన్నయ్యకి ఉంది. ఎవరికీ నష్టం లేదు కదా అని ఊరుకున్నాను. ఇవాళ నీకు నష్టం," అంది, సంతకం పెడుతూ.

మావయ్య చెప్పుల వంక చూసుకుంటున్నాడు. మేనకోడలికి కోపం రావాల్సింది, జాలేసింది.

"మరి నువ్వేం చేశావు మావయ్యా?"

"కొలత ఇచ్చాడు," అంది అమ్మ. "కూర్చోమంటే వెల్లకిలా పడుకుని ఇచ్చాడు. నేను అలాగే రాసుకున్నాను. ఐదడుగుల తొమ్మిది."

పోస్ట్‌మాన్, మెకానిక్ ఒకేసారి బెంచీ చివరి వైపు చూశారు. రోజూ భోజనం అయ్యాక మావయ్య గుర్రు పెట్టేది అక్కడే.

"తప్పయిపోయిందే," అన్నాడు మావయ్య, చెల్లెలికో మేనకోడలికో తెలియకుండా. "ఒక్కరోజు చెప్పుకుందామనుకున్నాను. రోజులు జరిగిపోయాయి."

మూడో ఖాళీ అలాగే ఉంది. పనిని వాడుకుంటున్నవాళ్ళు స్వయంగా రాసే వాక్యం. మేనకోడలు కాగితం అతని ముందు పెట్టింది. ఈసారి పెన్ను అందుకున్నాడు. ఉన్నదున్నట్టు రాసి, సంతకం చేసి ఇచ్చాడు.

మెకానిక్ తొంగి చూసి చదివాడు. "ఈ బెంచీ మీద ఇరవై ఆరేళ్ళుగా నేను రోజూ గంటసేపు పడుకుంటున్నాను."

చదివి తల అడ్డంగా ఊపాడు. "ఇది అబద్ధం. రెండు గంటల పది నిమిషాలు. గడియారాల వాణ్ణి, రోజూ చూస్తున్నాను."

మావయ్య తక్కువ చేసి చెప్పడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మేనకోడలు అంకె దిద్దించుకుని, ఆఫీసు వైపు పరుగు తీసింది.