నాలుగు వందలు కాదు, తొంభై

అధ్యక్షులు డాక్టర్ కురువిళ గారికి, హెడ్ నర్సు ఏలియమ్మ సిస్టర్‌కి, పెద్దలకి, ముప్పై ఒక్క ఏళ్లు నన్ను భరించిన మగవాళ్ల వార్డు మిత్రులకి, ఈ రోజు రిటైరవుతున్న తంకమణి నమస్కారాలు.

డాక్టర్ గారు ఇప్పుడు నన్ను పావుగంట పొగిడారు. ఇన్నేళ్లలో ఒక్క మంచి మాట అనని మనిషి ఒక్కసారిగా ఇంత పొగిడితే, దీని వెనక ఏదో ఉందని నా అనుమానం. (నవ్వులు) నువ్వు తెచ్చిన ఈ శాలువా కూడా, ఏం వాసూ, పోయిన నెల రిటైరైన మనందరి అక్క రాజమ్మ చేచికి కప్పినదే కదూ? అంచు మీద ఈ టీ మరక నాకు బాగా గుర్తు. (నవ్వులు) ఈ గ్లాసులో నీళ్లు ఎవరు పోశారో తేలేదాకా నేను ముట్టుకోను.

ముందు వరుసలో కూర్చున్న కొత్త అమ్మాయిలూ, మూత్రపిండాలు, నాళాలు, మూత్రాశయం, మూత్రమార్గం అని మీరు బట్టీ పట్టిన పేర్లు పరీక్షకి పనికొస్తాయి. వార్డులో గుర్తుంచుకోవలసినవి వేరే ఉన్నాయి. మూత్రానికి గొట్టం వేసిన మనిషికి సంచి మూత్రాశయం కన్నా కిందే వేలాడాలి, అలాగని నేలకి తగలకూడదు. గొట్టం మడత పడకూడదు. కొలజాడీ చదునుగా పెట్టి, వంగి చూసి అంకె వేయాలి. మూత్రం తగ్గినా, రంగు మారినా వెంటనే చెప్పాలి. ఇవన్నీ నేను నేర్పినవే. నేర్పిన నేనే ఏం చేశానో వినండి.

ఎనిమిదేళ్ల కిందట, కల్లు గీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డ కుట్టప్పన్ అనే ఆయన మా వార్డులో ఉండేవాడు. ఇదిగో, ఇక్కడే కూర్చున్న మన షీబ వార్డులో పనికి చేరి అప్పటికి మూడు నెలలు. కొలవకుండా కూర్చున్నచోటే అంకెలు వేసే రకమని, ఏ ఆధారమూ లేకుండానే, నేను తేల్చేసుకున్నాను. ఆమె సంచి ఎలా ఖాళీ చేస్తుందో నా బల్ల దగ్గర్నుంచి కనబడాలని, ఆ రోజు పొద్దున్నే సంచిని మంచానికి ఎడమవైపు నుంచి కుడివైపుకి మార్చాను.

మధ్యాహ్నం షీబ జాడీ పట్టుకొచ్చింది.

"చేచీ, తొంభై మిల్లీలీటర్లే వచ్చింది. డాక్టర్ గారికి చెప్దామా?"

"మిగతాది కింద ఒలకబోసి నాకు కబుర్లు చెప్తున్నావా? నిన్న ఇదే వేళకి నాలుగు వందలు వచ్చింది!"

అలా కసిరి, ఆమె వేసిన అంకె కొట్టేసి, నాలుగు వందలని నేనే వేశాను. డాక్టర్ గారు రౌండుకి వచ్చారు, అంకె చూశారు, ముందుకి వెళ్లిపోయారు. నాలుగింటికల్లా కుట్టప్పన్‌కి పొత్తికడుపు ఉబ్బిపోయి, అంత మొండి మనిషీ బావురుమన్నాడు. షీబ పరిగెత్తుకొచ్చి దుప్పటి ఎత్తింది. నేను అటు నుంచి ఇటు లాగిన గొట్టం ఆయన తొడ కింద మడతపడి ఉంది.



అంకె దిద్దింది ఎవరని అడిగినప్పుడు నేను నేల చూపులు చూశాను. ఆ పూట సంచి చూసింది షీబ కాబట్టి మెమో షీబకి వెళ్లింది. "నా పేరు ఎందుకు చెప్పలేదే?" అని తర్వాత అడిగితే, "మీరే నమ్మలేదు, ఇంకెవరు నమ్ముతారు చేచీ?" అంది. అప్పటి నుంచి, ఈ పిల్ల ఎప్పుడో నా మీద కక్ష తీర్చుకుంటుందని ఎనిమిదేళ్లు కాచుకుని కూర్చున్నాను. ఏమీ చేయలేదు.

పోయిన వారం, కొత్తవాళ్లకి పని నేర్పే బాధ్యత షీబకి ఇవ్వడానికి ఆ మెమో అడ్డమని విన్నాను. డాక్టర్ గారూ, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టిన కాగితం ఇదిగో. నా పెన్షన్ ఆపుతారేమోనని భయంగానే ఉంది. ఆపినా సరే, ఆ మెమో మాత్రం తీసేయండి. షీబా, తప్పు నాది. సిగ్గుపడుతున్నాను.

ఈ గ్లాసులో నీళ్లు పోసింది నువ్వేనని నాకు మొదట్నుంచీ తెలుసు. అందుకే ముట్టుకోలేదు.

(గ్లాసు ఖాళీ చేసి)

జీలకర్ర వేసి కాచిన మామూలు నీళ్లే. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.