ప్రశాంత్ సచ్చిన ట్యాంకును ఖాళీ చేసింది నేనే

నా పేరు ధర్మేందర్, తండ్రి మట్టయ్య. వయసు ఇరవై నాలుగు. ఊరు చివ్వెంల. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీది మందుల ఫ్యాక్టరీల ఫర్మెంటర్ ఆపరేటర్‌ను. పదో తరగతి ఫెయిల్. పని చూసి నేర్చుకున్న.

ఫర్మెంటర్ అంటే రెండంతస్తులంత స్టీలు ట్యాంకు. లోపలి సూక్ష్మజీవులకు చక్కెర నీళ్లు, గాలి పెడితే యాంటీబయాటిక్ తయారైతది. దిగుబడి పెంచనీకి మొన్న కలియబెట్టే రెక్కలు కొత్తయి బిగించిండ్రు. గాలి మంచిగ కలిసింది, మందు పెరిగింది. కానీ ఆ రెక్కల బోల్టులు ఊడవట్టినయ్.

సోమవారం పొద్దుగాల ఒక బ్యాచ్ మందు దించినంక బోల్టులు బిగించనీకి నా దోస్తు ప్రశాంత్‌ను దిగుమన్నరు. అడుగున విషగాలి నిలుస్తది. మంచి గాలి కొట్టి, పరీక్ష చేసి దిగాలె. ఆ మాటే అన్న. మేనేజర్ రాఘవేంద్ర, "గాలి కొట్టుకుంటూ కూర్చుంటే బ్యాచ్ మీ నాయన వేస్తాడా? రెండు నిమిషాల పని, దిగవయ్యా" అన్నడు. ప్రశాంత్ నవ్వుకుంట, "వచ్చేసరికి చాయ్ చెప్పురా" అని దిగిండు. బోల్టులు బిగించే పానా కిందవడ్డ సప్పుడైంది. పిలిచిన. పలకలే. పిలిచిన. పలకలే. తాళ్లతోని గుంజేసరికి పానం పోయింది.

తెల్లారి అదే ట్యాంకుల బ్యాచ్ వేసిండ్రు. "మనిషి సచ్చిండు సార్, జర ఆగుండ్రి" అన్న. "ఆవిరి పెట్టాంగా, క్రిములన్నీ చచ్చిపోతాయి. ట్యాంకు శుభ్రమే" అన్నడు మేనేజర్.

మూడో దినం తుంగతుర్తిల ప్రశాంత్ తల్లి ఆండాలు కొడుకు పేరు మీద పిట్టకు అన్నం పెట్టింది. కాకి ముట్టలే. పానం పోయిన జాగల పెట్టుమన్నరంట పెద్దోళ్లు. సూర్యాపేటల బస్సు మారి, అన్నం డబ్బా పట్టుకొని గేటు కాడికొచ్చింది. "బ్యాచ్ నడుస్తోందమ్మా, బయటి తిండి లోపలికి రాకూడదు" అన్నడు మేనేజర్. ఆమె నా దిక్కు తిరిగి, "ఆ మిషిని జర ఆపరాదా బిడ్డా" అన్నది.

పోయి అడుగు వాల్వ్ తిప్పిన. బ్యాచంతా మోరీల పోయింది. ఎవ్వరూ చెప్పలే, నేనే చేసిన. ఆమె ప్రహరీ గోడ పక్కన అన్నం పెట్టి పొద్దుగూకేదాక కూసున్నది. కాకి రాలే. పక్క ట్యాంకులు నడుస్తనే ఉన్నయ్.

ఎస్సై సార్, మీరు నష్టం సంగతే అడుగుతున్నరు. ప్రశాంత్ చెప్పకుండ దిగిండని కంపెనీ రాసిచ్చిందంట. అబద్ధం. దిగుమన్నరు, దిగిండు. వాల్వ్ కేసు నా మీద పెట్టుండ్రి, జైలుకు పోత. ఆ ఒక్క మాట మాత్రం తీసేయకుండ్రి.

ఇదంతా నాకు చదివి వినిపించిండ్రు. నేను చెప్పినట్టే ఉన్నది, నిజం. "దిగుమన్నరు" అన్న కాడ కొట్టివేత లేదని నా కండ్లతోని సూసుకున్నంకనే సంతకం పెడుతున్న.

(సంతకం)
ధర్మేందర్