టిక్ అనేదాకా నొక్కండి

ఇసుకేనమ్మా, ఇంకేముంటుంది. సముద్రం ఒడ్డున పన్నెండు సర్ఫ్ బోర్డులు పెట్టుకుని వాటి అడుగు గాడిలోకి ఇసుక రాకూడదంటే ఎలా? మీ కంపెనీవాళ్ళు ఏ ఊళ్ళో కూర్చుని కనిపెట్టారో గానీ, ఆ ఊళ్ళో సముద్రం ఉండి ఉండదు.

రా, ఇటు కూర్చో. కిటికీ వైపు. వెలుతురు బాగుంటుంది. ఆ స్టూలు మీద వద్దు, దాని మీద జిగురు ఇంకా ఆరలేదు. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, నా మనవరాలి ఈడుదానివి.

కంపెనీ తరఫున తనిఖీకొచ్చిన నువ్వేం రాస్తావోనని మా బావమరిది బయట కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు, చూశావా? సర్ఫింగ్ బడి వాడిది. ఈ మరమ్మతు గది నాది. నాది అంటే, గోడలు వాడివి, లోపలి కంపు నాది. తప్పు కంపెనీదని నువ్వు రాస్తే బోర్డులు మార్చి ఇస్తారు, నా గది నాకు మిగులుతుంది. తప్పు మాదని రాశావో, దీన్ని బట్టలు మార్చుకునే గది చేసేస్తానంటున్నాడు. కొక్కేలు కూడా కొనుక్కొచ్చి పెట్టుకున్నాడు.

కొంచెం తల ఎత్తి మాట్లాడమ్మా. బోర్డుతో కాదు, నాతో. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహం చూడాలి.

నా పనా? ముప్పై నాలుగేళ్ళుగా ఒకటే పని. బోర్డు అడుగున చేప రెక్కలాంటిది ఉంటుందే, మీరు ఫిన్ అంటారు, మేం రెక్క అంటాం. అది లేకపోతే బోర్డు నీళ్ళ మీద సబ్బుబిళ్ళ. ఎటు పోతుందో దానికే తెలీదు. రెక్కను గాడిలో ముందుకు జరిపితే ఇట్టే తిరుగుతుంది. వెనక్కి జరిపితే బుద్ధిగా తిన్నగా పోతుంది. భయస్థుడికి వెనక్కి, పోకిరీకి ముందుకి. మనిషి నడిచొచ్చే తీరు చూసి ఎంత జరపాలో చెప్పేవాణ్ణి.

జరపాలంటే మర వదులు చెయ్యాలి. మర తిరగాలంటే అలెన్ కీ అని ఒక వంకర ఇనప పుల్ల కావాలి. ఆ కీ నా మెడలో ఉండేది, ఇదిగో, ఈ దారానికే. ఎన్ని కప్పులు గెలిచినవాడైనా ఈ గుమ్మం దగ్గరికొచ్చి "మావయ్యా, ఒక్క చుట్టు" అని నిలబడాల్సిందే.

అప్పుడు దిగింది మీ సరుకు. పనిముట్లే అక్కర్లేదట. బొత్తాం నొక్కు, రెక్క జరుపు, వదిలెయ్. చిన్నపిల్లలు కూడా చేసుకోవచ్చట. ఆ డబ్బాలు విప్పుతూ మా బావమరిది అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "బావా, ఇక ఆ కీతో వీపు గోక్కో" అన్నాడు.

ఊరుకుంటానా? "ఒరేయ్, నేను మీ అక్కను అడిగి చేసుకున్నాను. నువ్వు ఉత్తినే వెంట వచ్చావు. ఉత్తినే వచ్చిన సరుకు ఎప్పుడూ ఇంతే" అన్నాను. పక్కనే ఉంది మా ఆవిడ. ఇద్దరినీ తిట్టింది.

సరే, అసలు విషయానికి వస్తాను. వాడి బడి మొదలైన రోజు. నేర్చుకోవడానికి పాతికమంది వచ్చి ఇసుకలో కూర్చున్నారు. వీడు బోర్డు తిరగేసి "చూడండి, రెండు వేళ్ళు చాలు" అన్నాడు. రెండు వేళ్ళతో లాగాడు. కదల్లేదు. అయిదు వేళ్ళయ్యాయి. రెండు చేతులయ్యాయి. ఆ తర్వాత బోర్డును కాళ్ళ మధ్య ఇరికించుకుని పళ్ళు బిగించాడు. ట్రైనరొకడు వచ్చి వీడి నడుం పట్టుకుని లాగాడు. ఇంకో ట్రైనరు ఆ ట్రైనరు నడుం పట్టుకున్నాడు. చివరికి బొత్తాం ఊడి చేతికొచ్చింది. ముగ్గురూ వెల్లకిలా పడ్డారు. రెక్క మాత్రం అలిగిన అల్లుడిలా ఉన్నచోటే ఉంది.

నేర్చుకోవడానికొచ్చిన ఒకమ్మాయి నెమ్మదిగా చెయ్యెత్తి, "ఇది కూడా మొదటి పాఠంలోదేనా?" అని అడిగింది.

మిగతా పదకొండూ అంతే. ఒక్కటి కదిలితే ఒట్టు.

అందుకే అంటున్నాను, ఇసుక. ఇసుక కాకపోతే ఉప్పు. ఏమిటా గోకుడు? అదిగో, ఆ తెల్లటిదే, ఉప్పే అది. గట్టిపడితే అలాగే రాయిలా ఉంటుంది. నాకి చూస్తావేమిటమ్మా, కంపెనీవాళ్ళు ఇందుకూ జీతమిస్తారా?

సరే. ఉప్పు కాదు.

రెజిన్, బోర్డులు అతికే జిగురు. నేనే పోశాను. పన్నెండింటికీ నేనే పోశాను. తలుపు దగ్గరికి వెయ్యి, వాడు వింటాడు.

కడుపుమంటా? ఉంది, లేదని ఎందుకు చెప్పాలి. కానీ కడుపుమంటకి రెజిన్ పారబోసే మనిషిని కాను నేను. రెజిన్ అంటే నాకు అన్నంతో సమానం.

మీ కాగితంలో ఏం రాశారు? "టిక్ అనేదాకా నొక్కండి. టిక్ అంటే లాక్ పడినట్టు." నొక్కాను. టిక్ అనలేదు. మళ్ళీ నొక్కాను. బొటనవేలు వాచింది. మోచేత్తో నొక్కాను. మోకాలితో నొక్కాను. రబ్బరు సుత్తితో కూడా బతిమాలాను. పన్నెండు బోర్డులూ నోరు మూసుకుని కూర్చున్నాయి.

లాక్ పడని రెక్కను నీళ్ళలోకి పంపమంటావా? ఈ పిక్క చూడు. ఈ గీత. పద్దెనిమిదేళ్ళప్పుడు, బోర్డులు మోసే కూలిగా ఉన్నప్పుడు, ఎవడో సగం బిగించి వదిలేసిన రెక్క ఊడొచ్చి కోసింది. ఇరవై కుట్లు. మూడు నెలలు మంచం మీద. ఆ మూడు నెలలూ మా అమ్మ ఎన్ని ఇళ్ళల్లో గిన్నెలు తోమిందో నేను చెప్పను. అప్పుడు పట్టిన పట్టు ఇది. అనుమానం ఉన్న రెక్క నా గది గుమ్మం దాటదు. టిక్ అనకపోతే నేనేం చెయ్యను? అంటించేశాను.

ఆకుపచ్చ చుక్కా? లాక్ పడితే చుక్క కనిపిస్తుందా? ఎక్కడ రాశారు? రెండో పేజీలోనా. రెండో పేజీ దాకా ఎవడు చదువుతాడమ్మా.

ఎక్కడికి వెళ్తున్నావు? నా వెనక ఏముంది, రంపాలూ గుడ్డపీలికలూ. ఆ చేతిలోది ఏమిటి, కొత్త రెక్కా? ఊఁ. ఊఁ. అయిందా? ముందుకొచ్చి అడుగు.

ఎన్నిసార్లు టిక్ అందా? మూడుసార్లు.

కాదా? అవునవును, నాలుగు. ఒకటి మెల్లగా నొక్కావు.

ఏమిటా చూపు?

అసలు నొక్కనే లేదా? ఇదేం బుద్ధి తల్లీ. ఇంత పెద్ద కంపెనీలో మీకు నేర్పేది ఇదా?

కూర్చో. కూర్చోవమ్మా, నువ్వు నించుంటే నాకు కాళ్ళు పీకుతున్నాయి.

ముప్పై నాలుగేళ్ళు బోర్డులు నున్నగా గీకే సాండింగ్ మిషను పక్కన నిలబడ్డాను. చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వే రోజులవి. నేనూ నవ్వాను. మొదట పిచ్చుకలు పోయాయి. ఊళ్ళో పిచ్చుకలు లేకుండా పోయాయని టీ కొట్టు దగ్గర నేనొక ఉపన్యాసం కూడా ఇచ్చాను. నలుగురు చప్పట్లు కొట్టారు. మర్నాడు చూస్తే మా కిటికీ మీదే కూర్చున్నాయి ఆరు పిచ్చుకలు, నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. ఆ తర్వాత గడియారం పోయింది. ఆ తర్వాత కుక్కర్ కూత. మాటలు ఫరవాలేదు. పెదాలు కనిపిస్తే చాలు.

ఎవరికీ తెలీదు. మా ఆవిడకు కూడా. వంటింట్లోంచి పిలుస్తుంది, నేను పలకను. "ఎవరి మాటా లెక్కచెయ్యడు, మొండిఘటం" అని ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. దాంట్లో ఒక దర్జా ఉంది. నిజం తెలిసిందనుకో, అరవడం మానేస్తుంది. దగ్గరికొచ్చి, భుజం తట్టి, పిల్లాడికి చెప్పినట్టు నిదానంగా చెప్తుంది. నలభై ఏళ్ళ కాపురం తర్వాత అంత మర్యాద నేను తట్టుకోలేను.

డాక్టరు దగ్గరికా? వెళ్తాలే. చెవి మిషను పెట్టుకుంటాలే. ముందు నీ కాగితం సంగతి చూడు.

కంపెనీ తప్పని రాయొద్దు. నీ ఉద్యోగం నీది. టిక్ అంటుంది మీ రెక్క, ఒప్పుకున్నాను. గది పోతే పోతుంది, గుమ్మం బయట చెట్టు కింద బల్ల వేసుకుంటాను. కానీ కారణం అన్న చోట చెవుడు అని మాత్రం రాయకు. వాడికి తెలిస్తే జాలిపడతాడు. జాలిపడ్డవాడు కుర్చీ వేస్తాడమ్మా, పని ఇవ్వడు.

పొగరు అని రాయి. పొగరైతే వాడికి అలవాటే. తిడతాడు, నేనూ తిడతాను. నాలుగు రోజులు మాటలుండవు. అయిదో రోజు విరిగిన బోర్డొకటి గుమ్మంలో పడేసి పోతాడు.

ఊఁ, రాయి. "ఫిటరు ఉత్త పొగరుబోతు. ఎంత చెప్పినా వినలేదు. కావాలనే రెజిన్ పోశాడు." కొంచెం పెద్ద అక్షరాలతో రాయి, వాడు కళ్ళజోడు లేకుండా చదువుకోవాలి.

ఇటు తిప్పు. సంతకం ఎక్కడ?