లారీని మోయించిన ఆలివ్ కాయలు

ఆ సాయంత్రం టీ కొట్టు పిన్ని చేతులు టీ కాస్తున్నాయే గానీ, మనసంతా ఇంట్లో మంచం మీదున్న కోడలి దగ్గరే ఉంది. జ్వరం తగ్గి పదిరోజులైనా ఆ పిల్ల కాళ్ళమీద నిలబడలేకపోతోంది. ఏది పెట్టినా పిడికెడు మించి గొంతు దిగదు. ఆ పిడికెడూ బాదం, జీడిపప్పు పెట్టాలా, ఆలివ్ కాయలు పెట్టాలా? ఎదురు దుకాణం మూసేలోగా తేల్చుకోవాలి.

పాపం, పోయి పోయి లారీ డ్రైవర్ని అడిగింది.

"ఇందులో ఆలోచించడానికేముంది చెల్లెమ్మా, ఆలివే!" అంటూ ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఇక అందరూ చెవులప్పగించాల్సిందే. "పోయినేడు ఆలివ్ తోటలో లోడు ఎత్తుతుంటే ఆకలేసిందా, చెట్టునుంచి నాలుగు కాయలు తెంపి నోట్లో వేసుకున్నానా, అంతే! బురదలో దిగబడ్డ చక్రాన్ని ఒక్క తోపుతో బయటపడేశా."

"ఒక్కడివేనా?" అన్నాడు పక్కకొట్టు మంగలి.

"ఒక్కణ్ణే, అదీ ఎడంచేత్తో. కుడిచేతిలో ఇంకో నాలుగు కాయలున్నాయిగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవీ తిన్నా. కొండెక్కుతుంటే డీజిల్ అయిపోయింది. దిగి లారీని వెనకనుంచి తోసుకుంటూ పోయా, లోడుతో సహా పదిమైళ్ళు. దారిలో రెండు బస్సుల్ని దాటేశా."

"మరి స్టీరింగు?"

"మా బావమరిది పట్టుకున్నాడులే. పుట్టినప్పట్నుంచీ బాదం తిన్నవాడే, ఏం లాభం? తిప్పలేక ఆయాసపడుతుంటే, మలుపొచ్చినప్పుడల్లా నేనే లారీని ఎత్తి పక్కకి తిప్పి పెట్టా. పైగా చీమలబారొకటి అడ్డొచ్చింది. తొక్కించడానికి మనసొప్పుతుందా? చివరి చీమ దాటేదాకా లారీని నెత్తిన పెట్టుకుని నిలబడ్డా. మధ్యలో చిన్న కునుకు కూడా తీశా!"

పిన్ని అప్పటికే చేతులు తుడుచుకుని ఆలివ్ కాయలకి బయల్దేరబోయింది. మూలబల్ల మీద కూర్చున్న పెద్దక్క ఆమె కొంగు పట్టుకుని ఆపింది. ఆవిడ పని ఆలివ్ కాయలు ఊరబెట్టడం. ఉప్పునీళ్ళకి ఆవిడ వేళ్ళన్నీ పగిలి ఉంటాయి.

"తమ్ముడూ, చెట్టుమీది కాయ రుచెలా ఉంది?"

"తేనేననుకో అక్కా! నాలుక మీద కరిగిపోయింది!"

"ముప్ఫయ్యేళ్ళుగా ఊరబెడుతున్నా. పచ్చికాయ కొరికితే ఆ చేదుకి నాలుక పోయి మెడవెనక దాక్కుంటుంది. వారాల తరబడి నీళ్ళు మార్చి మార్చి ఉప్పులో నానబెడితే గానీ మనిషి నోటికి పనికిరాదు."

కొట్టంతా గొల్లుమంది. డ్రైవర్ మీసం సర్దుకున్నాడు. "ఆ చేదుకి తట్టుకోలేకేగా అక్కా, అంత జోరుగా తోసింది!"

"సర్లే," అని పెద్దక్క పిన్ని వైపు తిరిగింది. "ఆలివ్ మంచిదే, నాకు అన్నం పెట్టేది అదేనమ్మా. కానీ దాన్లో ఉండేది నూనె, పైన మేం పట్టించే ఉప్పు. కండపట్టే సత్తువ బాదం, జీడిపప్పుల్లోనే ఎక్కువ. పిల్లకి దిగేది పిడికెడే అయితే ఆ పిడికెడూ బాదం పెట్టు. నోరు చప్పగా ఉందంటే పక్కన రెండు ఆలివ్ ముక్కలు."

పిన్ని సరేనని బాదానికి బయల్దేరబోయింది. అంతలో పొయ్యిమీద పాలు పొంగుకొచ్చాయి.

"అన్నయ్యా, నేను కదల్లేను. దుకాణం మూసేస్తున్నాడు, గబుక్కున వెళ్ళి బాదం తెచ్చిపెట్టవూ? రోడ్డు దాటడమేగా."

డ్రైవర్ లేవబోయి, సగంలో ఆగి, బల్ల పట్టుకున్నాడు.

"మోకాలు పట్టేసిందర్రా," అన్నాడు మెల్లిగా. "ఎవరైనా కాస్త చెయ్యందించండి."