కేకులో ఏడోది

అత్తగారింటి వంటింటి బల్ల మీద ముప్పై కేకు డబ్బాలున్నాయి. కోడలు లేబుళ్ల కట్ట చేత్తో పట్టుకుని కూర్చుంది, అత్తగారు ఎదురుగా నిలబడి చూస్తున్నారు.

“రాష్ట్రమంతటికీ కొత్త చట్టం వచ్చింది అత్తయ్యా. వేసినవన్నీ రాయకపోతే షాపువాళ్లు ఒక్క డబ్బా కూడా తీసుకోరట.”

“హాని చేసే రంగులు వద్దన్నారు, మానేశాను. ఇంకా ఏం కావాలి వాళ్లకి?”

“మైదా, చక్కెర, వెన్న, గుడ్లు, కోకో పొడి, వంటసోడా. ఆరయ్యాయి. ఏడోది మీరే చెప్పాలి.”

“ఏడోదేమీ లేదు.”

“పన్నెండేళ్ల కిందట నాకు నేర్పినప్పుడూ ఆరే చెప్పారు. నా కేకుకి ఆ రుచి ఏనాడూ రాలేదు.”

“చెయ్యి తిరగాలమ్మా.”

“ఇప్పుడు అడిగేది నేను కాదు, ప్రభుత్వం.”

“ప్రభుత్వమా? అయితే రాయి, చిటికెడు మిరియాల పొడి. కాస్త చిన్న అక్షరాలతో రాయి.”

“ముప్పై లేబుళ్ల మీదా పొద్దున్నే రాసేశాను.”

“నీకెలా తెలుసే?”

“కేకు కలిపేటప్పుడల్లా తలుపు గడియ పెట్టుకుని తుమ్ముతారుగా. పెళ్లయిన ఏడాదే తెలిసిపోయింది.”

“తెలిసీ ఇన్నేళ్లూ నీ కేకులో వేయలేదేం?”

“నాకూ కుదిరిపోతే, ఆదివారం ఆదివారం మీరు కేకు పట్టుకుని మా ఇంటికి రారుగా.”

“...ఈ సంగతి మాత్రం లేబుల్ మీద రాయకు.”