ఆలస్యంగా ఊదిన విజిల్

నరసరావుపేటలో బాస్కెట్‌బాల్ లీగ్ మ్యాచ్ అయిన గంటకు, ఆసుపత్రిలో పెదవికి కుట్లతో పడుకున్న రిఫరీ దగ్గరికి అతణ్ణి కొట్టిన ఆటగాడు వచ్చాడు.

“కోపంలో చెయ్యి చేసుకున్నా సార్. కేసు పెడితే లీగ్‌లో నా పని అయిపోద్ది.”

“చెయ్యేనా? కిందపడ్డాక మొహం మీద తన్నావు గదరా. రెండు పళ్లు ఊడినయ్.”

“బంతి నేలకి కొట్టకుండా మూడడుగులు ఈ సీజనంతా వేస్తానే ఉన్నా. మీరెప్పుడూ విజిల్ ఊదలా. ఇయ్యాల ఆఖరి నిమిషంలో ఊదేసరికి, అవతలోళ్లకి అమ్ముడుపోయారనుకున్నా.”

“నిజమే. జనం నీ పేరు అరుస్తుంటే జంకి, చానాసార్లు చూసి కూడా వదిలేశా. ఆ తప్పు నాదే.”

“అయితే ఈ ఒక్కసారికి వదిలెయ్యండి సార్.”

“వదిలేసి వదిలేసే ఇందాకా తెచ్చుకున్నా. ఎస్సైగారు బయటే ఉన్నారు. లోపలికి రమ్మను.”