పొద్దటిపూట రాత

పొద్దున తన నవల, మధ్యాహ్నం డబ్బు కోసం మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటు పేరు మీద ఆయన జీవితకథ. ఆమె రోజును అలా పంచుకుని రాస్తుంది. ఇవాళ మిల్లు ఆఫీసుకు పరుగున వచ్చింది.

“తప్పయింది సార్. నిన్న మీకు పంపింది పొద్దున్నే రాసుకునే నా నవలలోని చాప్టర్. అది తీసేయండి.”

“తీసుడేందమ్మా? మా అమ్మ పోయిన ముచ్చట సదివి ఇంటిల్లిపాది ఏడ్చినం.”

“ఆమె మీ అమ్మ కాదు సార్. మా అమ్మ.”

సేటు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“మా అమ్మ పోయినప్పుడు నేను దగ్గర లేను. నువ్వు రాసినంక ఉన్నట్టే అయింది. చుట్టాలందరికి సదివి వినిపించిన. ఇగ కాదంటే ఇజ్జత్ పోతది.”

ఆమె లేవబోయింది.

“కూసో. ఆఖర్ల అమ్మ నాతోని ఏమన్నదో రాయనే లేదు. అది గూడ రాయి. రేపు పొద్దుగాలనే రాయి, పొద్దటిపూట నీ రాత మస్తుంటది.”